కోరుట్ల డాక్టరు రాసిన కార్డులు

తాత చెట్టు దిగి ఇంటికి వచ్చేసరికి రొమ్ము మీద తోలు లేచి ఉంది. మోచేతుల లోపలి వైపు కూడా గీరుకుపోయింది. కల్లు గీసేవాళ్ల ఇళ్లలో ఆ గాయాన్ని చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. చెట్టెక్కడం నేర్చుకునే రోజుల్లో, జారిపోతామేమోనని తాటిచెట్టును గట్టిగా వాటేసుకున్నప్పుడు అయ్యే గాయం అది. మా తాత రాజేశం తన పెళ్లికి ముందు నుంచీ చెట్లెక్కుతున్నాడు.

"కాలు జారింది" అన్నాడు.

"కాలు జారితె కాలుకు తాకుతది. రొమ్మెందుకు గీరుకపోతది?" అంది బాపమ్మ. "కండ్లు తిరిగినయి. చెట్టును పట్టుకోని ఏలాడినవు. గంతేనా?"

తాత చెంబెడు నీళ్లు తాగి, ఖాళీ చెంబు నా వైపు చాపాడు. నింపి ఇచ్చాను. అదీ తాగాడు. బాపమ్మ ఆ చెంబు వైపే చూస్తూ నిలబడింది.

బాపమ్మ అంటే మా బాపు తల్లి. పేరు మొగిలవ్వ. మాది వీర్నపల్లి దగ్గర చిన్న ఊరు. తాత తాటివనంలో కల్లు గీస్తాడు. వనం పక్కనే కొమ్మల పందిరి వేసిన మండువ ఉంది. తాగేవాళ్లు అక్కడికి వస్తారు, బాపమ్మ పోస్తుంది. బాపు దివాకర్ రోజూ సిరిసిల్లకు వెళ్లి మోటర్లు బాగుచేసే షాపులో పనిచేసి సాయంత్రానికి వస్తాడు. అమ్మ శోభ ఇంట్లో బీడీలు చుడుతుంది. నేను అక్షిత, ఊళ్లోనే తొమ్మిదో తరగతి.

ఆ సాయంత్రం బాపు, "రేపు సిరిసిల్ల దవఖానకు పోదాం నడువు" అన్నాడు.

"పోతే గీత తప్పుతది. గీత తప్పితె చెట్టు అలుగుతది, కల్లు ఇయ్యది" అన్నాడు తాత.

"చెట్టు అలిగితె మళ్ల మంచిగైతది. నువ్వు పడితె?"

"పడ్డంక తీస్కపో."

బాపు చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. తాతతో ఆ ముచ్చట ఎప్పుడు ఎత్తినా ఎవరో ఒకరు చెప్పులేసుకుని బయటికి వెళ్లడంతోనే ముగిసేది.

ఆ తర్వాతే నేను గమనించాను. పొద్దున తాత వనానికి వెళ్లగానే బాపమ్మ వాకిట్లో, తాటిచెట్ల తలలు కనబడే మూలకు వెళ్లి నిలబడేది. చేతిలో చీపురు ఉండేది కానీ ఊడ్చేది కాదు. తాత ఒక చెట్టు మీద కనిపించి, దిగి, మరో చెట్టు మీద కనిపించేదాకా అలాగే చూసేది. అన్ని చెట్లూ అయ్యాకే పొయ్యి వెలిగించేది. ఆలస్యమైతే అమ్మ కూడా అడిగేది కాదు.

మా బాపమ్మ తల్లిగారిది గొల్లపల్లి. జగిత్యాలలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు ఆమె చెల్లెలు వెంకటవ్వ ఒక ముచ్చట చెప్పింది. బాపు పుట్టినప్పుడు బాపమ్మను బతికించిన డాక్టరు జలపతి ఇప్పుడు కోరుట్లలో, వెంకటవ్వ వాళ్ల గల్లీలోనే ఉంటున్నాడట. పని మానేసి చాలా కాలమైంది. చెవులు పూర్తిగా పోయాయి. ఫోన్ చేస్తే ఎత్తడు, ఇంటికి వెళ్లి చెబితే వినబడదు. కానీ ఎవరు ఉత్తరం రాసినా జవాబు రాస్తాడు. గేటుకు అట్టముక్క కట్టి ఉంచాడట: ‘మాట్లాడవద్దు. రాయండి.’

పెళ్లి నుంచి వచ్చిన మర్నాడే బాపమ్మ నన్ను పోస్టాఫీసుకు పంపింది. మా ఊరి పోస్టాఫీసును పూజక్క నడుపుతుంది. పింఛన్లు, పొదుపు డబ్బులు తప్ప ఆమె దగ్గరికి ఎవరూ దేనికీ వెళ్లరు.

"ఉత్తరం రాసే కాయితమా?" అని నన్ను పైనుంచి కింది దాకా చూసింది పూజక్క. "ఎవలికే? సోపతిగానికా?"

నాకు ముఖం కాలిపోయింది. "బాపమ్మకు" అన్నాను. అది కూడా సగమే బయటికి వచ్చింది.

"మీ బాపమ్మకు సోపతిగాడా?" అంటూ బీరువా అడుగు నుంచి నీలం రంగు ఇన్‌లాండ్ కవర్లు తీసి, దుమ్ము ఊది ఇచ్చింది.

తాత మధ్యాహ్నం పడుకున్నాక, గొడ్ల కొట్టం దగ్గర కూర్చుని బాపమ్మ చెబుతుంటే రాశాను. నా అక్షరాలు చిన్నవి. రోజూ డైరీ రాసి రాసి, ఎవరైనా చదువుతారేమోనన్న భయంతో ఇంకా చిన్నవయ్యాయి. అందుకే ఆ నీలం కాగితంలో చాలా పట్టింది. జగిత్యాల పెళ్లిలో వంటలు ఎలా ఉన్నాయో, వెంకటవ్వ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో, మా బర్రె ఎప్పుడు ఈనుతుందో అన్నీ రాయించింది. రోగం చివర్లో వచ్చింది.

"పేషెంటు పేరు రాయాలె" అన్నాను.

"రాయి మరి."

"చెప్పు."

"నీకు తెల్వదా? మీ తాత పేరు మీ బాపు ఆధార్ కార్డు మీద ఉంటది, సూస్కో" అంది. ఇన్నేళ్లలో ఆమె నోట తాత పేరు వినలేదు, ఆ రోజు కూడా వినలేదు.

జవాబు కవర్లో వస్తుందనుకున్నాం. ఆ డాక్టరు కార్డు మీద రాశాడు. కార్డు అంటే తెరిచి ఉన్న ఉత్తరమే కదా. సిరిసిల్ల నుంచి సంచిలో వచ్చిన ఆ కార్డును మొదట పూజక్క చదివింది. ఆమె దగ్గరికి పింఛను కోసం వచ్చినవాళ్లకు చదివి వినిపించింది. నేను బడి నుంచి వచ్చేసరికి ఊరంతటికీ కంఠతా వచ్చింది. మాకే ఇంకా అందలేదు.

అందులో ఇలా ఉంది: ‘మొగిలవ్వా, మీరు రాసినదాంట్లో ముప్పాతిక వంతు పెళ్లి ముచ్చట. రోగం మూడు లైన్లు. రాత్రిపూట మూత్రానికి ఎన్నిసార్లు లేస్తాడు? పాదాలు తిమ్మిరెక్కుతాయా? బీడీ, సారా, కల్లు అలవాట్లు ఉన్నాయా? గీత పనివాడు కాబట్టి కల్లు సంగతి నిజం రాయండి. మీ ఊరి నర్సమ్మతో పరగడుపున షుగర్ పరీక్ష చేయించండి. ఇంకొక మాట. రాసేది ఎవరో గానీ చీమల బారులా రాస్తున్నారు. నాకు చెవులు పోయాయి. కళ్లు ఉండనివ్వండి.’

ఆ చివరి మాటలను మా క్లాసు వాళ్లు వారం దాకా నాకు వినిపిస్తూనే ఉన్నారు.

తాతకు సంగతి మండువలో తెలిసింది. కల్లు పోయించుకోవడానికి వచ్చినవాళ్లు వరసగా, "రాజేశన్నా, రాత్రి ఎన్నిసార్లు లేస్తవే?" అని అడిగారట. తాత కల్లు కుండ లొట్టిని అక్కడే దించి విసవిసా ఇంటికొచ్చాడు.

"నా ఒంటేలు ముచ్చట కోరుట్ల దాక ఎవలు పంపిండ్రు?"

"నేనే పంపిన. అయితె ఏంది?" అంది బాపమ్మ.

"ఊరంత నవ్వుతున్నరు."

"నవ్వనియ్యి. నువ్వు పడితె ఏడ్సేది నేను."

తాత కాసేపు మంచం మీద కూర్చున్నాడు. తర్వాత నా వైపు చూడకుండానే, "ఏది బిడ్డా, ఆ కార్డు సదువు" అన్నాడు. చదివాను. మూత్రం అన్న మాట రాగానే దాటేసి చదివాను. "ఎవలి పేరు మీద అచ్చింది?" అన్నాడు. చిరునామా చదివాను: శ్రీ రాజేశం గారి భార్య మొగిలవ్వకు.

"శ్రీ అని ఉన్నదా?"

"ఉన్నది తాతా."

"గారు?"

"అది గూడ ఉన్నది."

కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి, గోడకు ఉన్న దేవుడి ఫోటో వెనకాల పెట్టాడు. "పెద్ద డాక్టరు. ఇంత దూరం రాసిండు. ఆయిన చెప్పింది చేద్దాం. దవఖానకు మాత్రం రాను" అన్నాడు.

అప్పటి నుంచి జవాబులు తాత ముందే రాశాం. తిమ్మిరి ఉందని ఒప్పుకున్నాడు. కల్లు దగ్గరికి వచ్చేసరికి మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. "రాయి. మా నాయిన తాగి పోయిండు. ఆయిన పోయిన నాడు ఎల్లమ్మ మీద ఒట్టేసిన. ఇప్పటిదాక మండువల కూసోని ఒక్క గిలాస గూడ తాగలె. రాయి."

"నిజమే, రాయి" అంది బాపమ్మ. అమ్మ కూడా బీడీల చాట ముందు నుంచి, "మా మామకు ఆ అలవాటు లేదు. గది మాత్రం చెప్పుకోవాలె" అంది. ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెబుతారు. ఈసారి అక్షరాలు పెద్దగా రాశాను. తాగడు అన్నదాని కింద గీత కూడా గీశాను.

నర్సు శాంతమ్మ వచ్చి తాత వేలికి సూది గుచ్చితే, షుగర్ మూడు వందలు దాటింది. రెండో కార్డులో డాక్టరు, శాంతమ్మ ద్వారా ప్రభుత్వ దవఖాన నుంచి మాత్రలు తెప్పించుకొమ్మన్నాడు. చాయలో చక్కెర, బెల్లం, మామిడిపండు, లడ్డూ వద్దన్నాడు. అన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టమన్నాడు. షుగర్ దిగేదాకా చెట్టెక్కవద్దన్నాడు.

చివరిది తప్ప తాత అన్నీ పాటించాడు. పాటించకపోయినా ఊరు ఊరుకునేది కాదు. కార్డు అందరూ చదివారు మరి. హోటల్లో తాతకు అడగకుండానే చప్పటి చాయ ఇచ్చేవారు. ఒక ఇంట్లో పిల్లాడి పుట్టువెంట్రుకల పండుగకు పిలిచి, అందరికీ లడ్డూ వేసి, తాత విస్తట్లో దోసకాయ ముక్క వేశారు. "డాక్టరు సారు రాసిండు గదా మామా" అన్నారట. దసరాకు జమ్మి తెచ్చినప్పుడు కూడా తనకు ఇంత మర్యాద జరగలేదని తాత నవ్వాడు.

మళ్లీ పరీక్ష చేశారు. షుగర్ దిగలేదు. కొద్దిగా పెరిగింది కూడా.

అప్పుడు మా ఇల్లు పోలీస్ స్టేషన్ అయింది. బాపమ్మ తాత అంగీ జేబులు వెతికింది. బెల్లం డబ్బాను బియ్యం గుమ్మిలోకి మార్చింది. "శోభా, చాయల ఏమన్న ఏస్తున్నవా?" అని అమ్మను అడిగింది. అమ్మ మూతి ముడుచుకుంది. "మీ ఆయినకు చక్కెర పెట్టి నాకేం లాభం అత్తా?" అంది. నా బడి సంచిలో బిస్కెట్లు ఉన్నాయేమోనని కూడా చూసింది. డైరీ తీసి మళ్లీ పెట్టేసింది. ఆమెకు చదువు రాకపోవడం నా అదృష్టమని ఆ రోజు అనుకున్నాను.

డాక్టరు మూడో కార్డు రాశాడు. ‘ఎవరో తీపి పెడుతున్నారు, లేదా మీరు ఏదో చెప్పడం లేదు. ఈ మనిషి మాత్రలు మింగుతూ, రొట్టె తింటూ, ఎండలో చెట్లెక్కుతూ షుగర్ పెంచుకోవడం నేను నమ్మను. కళ్లు తిరిగే మనిషి తాటిచెట్టు మీద ఉండకూడదు. వచ్చే పరీక్షలో దిగకపోతే మీ కొడుక్కు విడిగా రాస్తాను, మోకు తీసి దాచెయ్యమని.’

మోకు అంటే చెట్టుకు, నడుముకు కలిపి వేసుకునే తాడు. అది లేకుండా చెట్టెక్కలేరు. కార్డు చదివాక తాత లేచి వెళ్లి దూలానికి వేలాడుతున్న మోకును దించి ఒళ్లో పెట్టుకున్నాడు. బాపు ఇంటికి వచ్చి కార్డు చదివాడు, మోకు వైపు చూశాడు, చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు.

మర్నాడు తాత వనానికి వెళ్లాక బాపమ్మ జవాబు రాయించడానికి కూర్చుంది. ఎప్పుడూ ఆగకుండా చెప్పే మనిషికి ఆ రోజు మాటలు లేవు. "షుగరు దిగలే. ఎవలం ఏం పెడుతలేము. ఏం చెయ్యాలె రాయండి" అంది, అంతే. కాగితంలో సగానికి పైగా ఖాళీగా ఉంది.

"ఇంకేమన్న రాయాల్నా?" అన్నాను.

"ఏమున్నది రాసెతందుకు."

"ఖాళీ ఉన్నది బాపమ్మా."

ఖాళీ కాగితం పంపడం మర్యాద కాదనుకుందో ఏమో, కాస్త ఆలోచించింది. "సరే, రాయి. సారూ, మీరు మా కోసం గింత తిప్పల పడుతున్నరు. ఎండకాలంల ఒక్కసారి మా ఊరికి రాండ్రి. మా ఆయిన గీసిన కల్లు పోస్తం. ఈ చుట్టుపక్కల గసొంటి కల్లు ఏడ దొరకది. ఎందుకంటె ఆయిన ప్రతి చెట్టుది రుచి సూడంది కలపడు. పొద్దుగాల, మాపటికి, ఏ చెట్టును గూడ ఇడిసిపెట్టడు. ఒక్క చెట్టుది పులిసినా పక్కకు పెడుతడు. రాసినవా?" అంది. చెబుతుంటే ఆమె ముఖం కొద్దిగా తేటపడింది. నేను కూడా సంతోషంగా రాసి, అంటించి, పూజక్కకు ఇచ్చాను.

నాలుగో కార్డును పూజక్క మా ఇంటికి పంపలేదు. తనే తాళం వేసి మండువకు తీసుకొచ్చింది. ఆ రోజు రెండో శనివారం, నాకు బడి లేదు; బాపు కూడా షాపుకు వెళ్లలేదు, ఇద్దరం అక్కడే ఉన్నాం. చాలామంది కూర్చుని తాగుతున్నారు. పూజక్క కార్డును రెండు చేతులతో పట్టుకుని చదివింది.

‘మొగిలవ్వా, మీ ఆహ్వానానికి కృతజ్ఞతలు. ఇన్ని ఉత్తరాల్లో తాగడు, తాగడు అని రాశారు, కింద గీత కూడా గీశారు. ఇప్పుడు ప్రతి చెట్టుదీ రెండు పూటలా రుచి చూస్తాడంటున్నారు. ఎన్ని చెట్లు? ఎంత రుచి? అప్పుడే దించిన కల్లు తియ్యగా ఉండేది చక్కెర వల్లనే. నేను వెతుకుతున్న దొంగ అదే.’

ఒకాయన తన చేతిలోని తాటి రేకను చూసుకుంటూ, "అవునుల్లా" అన్నాడు.

రేక అంటే దొప్పలా మడిచిన తాటాకు. అందులోనే కల్లు పోయించుకుంటారు. తాత కూడా చెట్టు మీద అందులోనే రుచి చూస్తాడు.

"అది తాగుడా?" అన్నాడు తాత. "మా కోడలు కూరల ఉప్పు సూస్తది. అన్నం తిన్నట్టా?"

"నేను చెంచ నాకుత మామా. గిన్నె ఎత్త" అంది అమ్మ. బాపమ్మకు అన్నం తెచ్చి ఇవ్వడానికి అప్పుడే వచ్చింది.

అందరూ నవ్వారు. బాపమ్మ నవ్వలేదు. ఒక ఖాళీ బకెట్టు తెచ్చి మధ్యలో పెట్టింది. తాత వాడే రేకను తీసుకుంది. నీళ్ల బిందె పక్కన కూర్చుంది. "చెప్పు. పొద్దుగాల మొదలు ఏ చెట్టు?"

"బోడిది" అన్నాడు తాత.

రేకతో నీళ్లు ముంచి బకెట్లో పోసింది. "తర్వాత?"

"వంకరది. గంత నిండుగ కాదే."

"గింతనా?"

"ఇంకొంచెం... ఆఁ, గంత."

పోసింది. జంట చెట్లకు రెండు. గుడిసె దగ్గరిదానికి ఒకటి. అన్నిటికంటే ఎత్తుగా, సన్నగా ఉండే చెట్టుకు పెండ్లిపిల్ల అని పేరు, దానికి ఒకటి. పొద్దుటివి అయ్యాక మాపటివి మొదలుపెట్టింది. తాత గొంతు చెట్టు చెట్టుకూ తగ్గుతూ వచ్చింది. చివరికి పేర్లు కూర్చున్నవాళ్లే చెప్పారు. అన్నీ అయ్యేసరికి బకెట్టు అంచు కింద నాలుగు వేళ్లు మాత్రమే ఖాళీ ఉంది.

తాత వంగి బకెట్టులోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇంత నేనే తాగుతున్ననా?"

"రోజు" అంది బాపమ్మ.

"నిషా రాదు గదనే."

"ఇన్నేండ్ల అలవాటాయె."

"బోడిదాంది గంత ఉండదు" అన్నాడు, మెల్లగా.

ఆ రోజు తాత తనంతట తనే మోకు తీసి బాపు చేతికి ఇచ్చాడు. తన తమ్ముడి కొడుకు రాజ్‌కుమార్‌ను పిలిపించి, షుగర్ దిగేదాకా చెట్లు వాడికి అప్పజెప్పాడు. కానీ ఒక చిక్కు మిగిలింది. రుచి చూడని కల్లు అమ్మడానికి తాత ఒప్పుకోలేదు.

"నోట్ల పోస్కోని ఉమ్మెయ్యి" అన్నాడు బాపు.

"ఎల్లమ్మ ఇచ్చినదాన్ని ఉమ్ముతార్రా? అమ్ముడు బంజేస్త గని ఉమ్మ."

"అయితె నేను సూస్త మామా రుచి" అని మండువలో ఒకరు లేచారు. వెంటనే ఇంకో ఇద్దరు లేచారు. రుచి చూడటానికి మా ఊళ్లో అంత మంది సిద్ధంగా ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

తాత పరీక్ష పెట్టాడు. రాజ్‌కుమార్ దించిన మూడు చెట్ల కల్లును మూడు రేకల్లో పోయించి, ఏది పులుపు తిరిగిందో చెప్పమన్నాడు. మొదటివాడు మూడూ ఖాళీ చేసి, "సమజ్ కాలె. ఇంకోసారి పొయ్యి" అన్నాడు. రెండోవాణ్ని తాత దగ్గరికే రానివ్వలేదు. "గుట్క తిని తిని నీకు నాలికె ఏడున్నది?" అన్నాడు. బాపు మూడూ కొద్దికొద్దిగా తాగి, "అన్ని మంచిగనె ఉన్నయి" అన్నాడు. తాత తల పట్టుకున్నాడు.

బాపమ్మ వచ్చి ఒక్కో రేకను నాలుక చివరకు తాకించింది. గుటక కూడా వేయలేదు. రెండోదాన్ని పక్కకు పెట్టింది. "ఇది జంట చెట్లల్ల తూర్పుది. లొట్టి కడిగినంక ఎండబెట్టలె. పాత వాసన ఉన్నది" అంది.

తాత రాజ్‌కుమార్ వైపు చూశాడు. రాజ్‌కుమార్ నేల వైపు చూశాడు.

"నీకెట్ల తెల్సే?" అన్నాడు తాత.

"నువ్వు పెండ్లి చేసుకున్న కాడికెల్లి లొట్లు కడుగుతున్నది ఎవలు?"

ఆ రోజు నుంచి తాత రుచి చూడలేదు. ఎర్రగా ఎండలు ముదిరాయి, మా బడికి సెలవులు ఇచ్చారు. శాంతమ్మ మళ్లీ వేలికి సూది గుచ్చింది. షుగర్ సగానికి దిగింది. ఇంకోసారి గుచ్చింది. ఇంకా దిగింది. నీళ్ల కోసం లేవడం మానేశాడు, పాదాల్లో తిమ్మిరి తగ్గింది. అయినా పొద్దున పొద్దున్నే వనం అంచున నిలబడి, రాజ్‌కుమార్ ఎక్కుతుంటే కిందనుంచి తప్పులు పడుతూనే ఉండేవాడు.

ఆ సంగతులన్నీ డాక్టరుకు రాశాను. బాపమ్మ చెప్పినవి రాశాక చోటు మిగిలితే, ఎవరూ చెప్పకుండానే బకెట్టు సంగతి రాసేశాను. పంపాక చాలా భయపడ్డాను.

జవాబు చిన్నది. ‘బకెట్టు ముచ్చట చదివి నేను నవ్విన నవ్వు మా ఇంట్లోవాళ్లకు వినిపించిందట. అక్షరాలు బాగున్నాయి, ఇలాగే రాయి. రాజేశం గారూ, కళ్లు తిరగడం పూర్తిగా పోయిందని శాంతమ్మ కూడా రాసింది కాబట్టి, ఎక్కండి. ముందు పొట్టి చెట్లు. మాత్రలు మానవద్దు. రుచి మొగిలవ్వదే.’

మర్నాడు తెల్లవారగానే బాపు షాపుకు వెళ్లకుండా మోకు తెచ్చి ఇచ్చాడు. తాత దాన్ని కళ్లకు అద్దుకుని నడుముకు వేసుకున్నాడు. బాపమ్మ ఈసారి వాకిట్లో మూలకు వెళ్లలేదు. కొంగు బిగించి, రేక చేత్తో పట్టుకుని తాత వెనకాలే వనంలోకి నడిచింది. నేనూ వెళ్లాను.

మొదటిది గుడిసె దగ్గరి చెట్టు. తాత ఎక్కాడు. లొట్టికి సన్న తాడు కట్టి మెల్లగా కిందికి వదిలాడు. బాపమ్మ అందుకుని, రేకలో చుక్క పోసుకుని, నాలుకకు తాకించి కళ్లు మూసుకుంది.

"ఎట్లున్నదే?" పైనుంచి తాత.

ఆమె మాట్లాడలేదు.

"అగో, చెప్పవేంది? ఇంకో చెట్టుకు పోవాలె."

"దిగు. దిగినంక చెప్త."

"ఆణ్నించె చెప్పు."

"నాకు ఒర్రుడు చాతగాదు. దిగు" అంది. మండువలో ఆమె ఎవరినైనా తిడితే బస్టాండు దగ్గర వినబడుతుంది.

తాత గొణుక్కుంటూ దిగడం మొదలుపెట్టాడు. మోకు జరిపి, కాలు దించి, మళ్లీ మోకు జరిపి. బాపమ్మ తల ఎత్తి ఆయన మడమల వైపే చూస్తోంది. రేకలో ఇంకా కొంచెం ఉంది, దాన్ని మరచిపోయింది. రెండు కాళ్లూ నేలకు ఆనాక, "మంచిగుంది" అంది.

"గా ముక్క చెప్పెతందుకు దింపినవా?"

"ఆఁ. నడువు, వంకరదానికి పోదాం."

అక్కడ కూడా అంతే చేసింది.